సందేశఫలకములు: నగర రహదారులపై డిజిటల్ సూచికలు, హనుమాన్ జంక్షన్–నూజివీడు మార్గ పరిశీలనతో

నిర్వచనము

రహదారి ప్రక్కన స్తంభముమీదనో, దారికి అడ్డముగ నిలిపిన ఇనుప కమానుమీదనో అమర్చబడి, దూరమున నున్న నియంత్రణ కేంద్రము పంపిన వార్తను ఎప్పటికప్పుడు దీపాక్షరములలో చూపుచు, ముందున్న దారి స్థితిని వాహనచోదకునికి తెలుపు సాధనమునకు సందేశఫలకమని పేరు. ఇంజనీర్లును పోలీసులును దీనిని వేరియబుల్ మెసేజ్ సైన్ అనియు, సంక్షేపముగ వీఎంఎస్ బోర్డు అనియు వ్యవహరింతురు. లారీ డ్రైవర్లకును పత్రికలకును ఇది డిజిటల్ బోర్డు. రేకుపై రంగు వేసి పాతిన సాధారణ సూచిక ఎన్నేండ్లయినను ఒకే మాట చెప్పుచుండగా, సందేశఫలకము చెప్పు మాట క్షణములలో మాఱవచ్చును. చెప్పవలసినది లేనప్పుడు ఖాళీగా నుండుటయు దాని ధర్మములలో నొకటి.

కూడళ్ళలో వ్యాపార ప్రకటనలను చూపు డిజిటల్ తెరలు ఈ కోవకు చేరవు. ట్రాఫిక్ సిగ్నల్ కూడ మాఱుచుండు దీపమే యైనను అది ఆజ్ఞాపించునది, సందేశఫలకము ప్రధానముగ తెలియజేయునది (చూ. ట్రాఫిక్ సిగ్నళ్ళు). ఈ వ్యాసమున ఫలకముల సాధారణ స్వరూపముతోపాటు, విజయవాడ నగరమునకు ఈశాన్యమున మామిడితోటల నడుమ సాగు హనుమాన్ జంక్షన్–నూజివీడు–మైలవరం దారి విశేషించి పరిశీలింపబడినది. నగరపు రద్దీని తగ్గించుటకై చేయు ప్రతి మళ్ళింపును నగరము వెలుపల నెవరో ఒకరు భరింపవలసి యుండును గనుక, ఈ విషయమును నగరము మధ్య నిలిచి మాత్రమే చూచినచో సగమే తెలియును.

చరిత్ర

దారిన పోవువారికి దీపముతో సంజ్ఞ చేయుట రైళ్ళ రాకపోకల నుండి రోడ్లకు వచ్చిన పద్ధతి. రైల్వే ఉద్యోగియగు జాన్ పీక్ నైట్ సూచనపై 1868 డిసెంబరులో లండను నగరమున పార్లమెంటు భవనము చెంత గ్యాసుదీపముల సిగ్నల్ నెలకొల్పబడినది. 1914 ఆగస్టు 5న అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున విద్యుత్ సిగ్నల్ వెలిగినది. ఇవి ఆగుము, పొమ్ము అను రెండు మాటలకు మించి చెప్పజాలనివి. ముందు ఏమి జరిగినదో, ఎంత వేగముతో పోవలెనో తెలుపు దీపాక్షరములు అమెరికాలో 1951లో ప్రారంభమైన న్యూజెర్సీ టర్న్‌పైక్ వంటి దూరప్రయాణపు రోడ్లపై నియాన్ గొట్టముల రూపమున తొలుదొల్త కనిపించినవి.

తరువాతి దశలలో మూడు ముఖముల పలకలు త్రిప్పుట, రెండు రంగుల బిళ్ళలను విద్యుదయస్కాంతముతో తిరుగవేయుట, చిన్న బల్బులను వరుసలుగ పేర్చుట మొదలగు పద్ధతులు వచ్చి పోయినవి. ఎల్‌ఈడీల కాంతి పట్టపగటి ఎండకు నిలువగలిగినంత హెచ్చిన పిమ్మట తక్కినవన్నియు వెనుకబడినవి. 1995లో లండను చుట్టునున్న ఎం25 రహదారిలో రద్దీననుసరించి మాఱు వేగపరిమితులును, 2006లో బర్మింగ్‌హాము చెంతనున్న ఎం42 రహదారిలో రద్దీవేళ అంచుదారిని సైతము ఫలకముల సూచనతో తెఱచు పద్ధతియు ఆరంభమైనవి. జపానులో 1996లో వెలసిన విక్స్ వ్యవస్థ అదే సమాచారమును వాహనములోని తెరకే చేర్చినది.

భారతదేశమున 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రోడ్డు సూచికలకు ఐఆర్‌సీ 67 అను ప్రమాణమును నిర్ణయించి, సందేశఫలకములకు ప్రత్యేకముగ ఐఆర్‌సీ ఎస్‌పీ 85 అను మార్గదర్శకములను 2010లో ప్రకటించినది. జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ 2023లో సవరించిన ట్రాఫిక్ నిర్వహణ విధానమున, వీడియో కెమెరాలే ప్రమాదములను, ఆగిన వాహనములను గుర్తించు ఏర్పాటు చేర్చబడినది. అట్లు గుర్తింపబడిన వార్త చోదకుని చేరు చివరి మెట్టు ఫలకమే.

నిర్మాణము, పని చేయు విధము

ఫలకము కంటికి కనిపించు భాగమే గాని వ్యవస్థలో మిక్కిలి చిన్న భాగము. రోడ్డు క్రింద పాతిన తీగచుట్టలు, స్తంభములపై కెమెరాలు, రాడార్లు, టోల్ ప్లాజాలలో చదువబడు ఫాస్టాగులు, వాహనములలోని ఫోన్లు పంపు వేగముల వివరములు, వీనితోపాటు కూడలిలో నిలిచిన కానిస్టేబుల్ వైర్‌లెస్‌లో చెప్పు మాట, ఇవన్నియు నియంత్రణ కేంద్రమును చేరును. అచ్చట కంప్యూటరు సహాయముతోనో, అధికారి వివేకముతోనో సందేశము నిర్ణయింపబడి, ఆప్టికల్ ఫైబరు ద్వారానో సెల్‌ఫోను సంకేతముల ద్వారానో ఫలకమునకు పంపబడును. ఈ గొలుసులో తెగుటకు వీలైన లంకె సాధారణముగ కడపటిది కాదు, మొదటిది. దీపములు చక్కగా వెలుగుచునే యుండును, వాటికి చెప్పవలసిన వార్త మాత్రము చేరదు.

ఫలకము ముందుభాగమున ఎల్‌ఈడీల చుక్కలు నిలువు, అడ్డు వరుసలుగ నుండును. పసుపుపచ్చ చుక్కలు మాత్రమే గల ఫలకము అక్షరములకు చాలును. ఎఱుపు, ఆకుపచ్చ, నీలముల నుండి అన్ని రంగులను కల్పించు ఫలకము బొమ్మలను, దారుల పటములను గూడ చూపగలదు. పగలు వెలుగు హెచ్చించుటకును, రాత్రి కన్నులు మిఱుమిట్లు గొనకుండ తగ్గించుటకును ఒక కాంతిగ్రాహకము పనిచేయుచుండును. ఏలూరు వైపు నుండి విజయవాడకు వచ్చు వానికి సాయంకాలము సూర్యుడు ఎదురుగ, ఫలకము వెనుక నుండును; ఇట్టి చోట ఎంత వెలుగు పెంచినను అక్షరము తేలిపోవును గనుక, దీపముల చుట్టు నల్లని రేకును, పైన చిన్న చూరును అమర్చుదురు. కృష్ణాతీరపు మే నెల ఎండలో మూసిన పెట్టెలోని సామగ్రి గాలికన్న మిగుల వేడెక్కుటచేత ఫ్యానులు, గాలిరంధ్రములు, దుమ్ము వడపోతలు అవసరమగును. వడపోత శుభ్రము చేయు పని చిన్నదే. ఫలకపు ఆయువు దానిపై నాధారపడియుండును.

లిపి, చదువనగుట

సందేశము ఎంత సత్యమైనను పోవుచున్న వాహనములో నుండి చదువుటకు వీలు లేనిచో వ్యర్థము. అమెరికా ప్రమాణముల ప్రకారము వేగము హెచ్చుగానున్న రోడ్లపై అక్షరపు ఎత్తు 18 అంగుళములు, అనగా సుమారు 45 సెంటీమీటర్లు. అట్టి అక్షరము సుమారు 165 మీటర్ల నుండి చదువవచ్చునని లెక్క. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవువాడు ఆ దూరమును ఏడు సెకన్లలోను, 120 కిలోమీటర్ల వేగమున పోవువాడు అయిదు సెకన్లలోను దాటిపోవును. ఆ కొద్ది వ్యవధిలో అతడు రోడ్డును గూడ చూడవలెను. కావుననే సందేశము మూడు పంక్తులకు మించరాదనియు, ఒకదాని వెంట ఒకటిగ చూపు తెరలు రెంటిని దాటరాదనియు, అక్షరములను ప్రక్కకు పారించుట కూడదనియు నియమములు ఏర్పడినవి. పండుగ శుభాకాంక్షల బోర్డులవలె ఎడమకు పరుగిడు అక్షరములు మన నగరములలో నింకను కనబడుచుండుట విచారకరము; చదువరి చూపును రోడ్డునుండి లాగి పట్టుకొనుట తప్ప వానివలన ప్రయోజనము లేదు.

ఇంగ్లీషు పెద్ద అక్షరములకు నిలువున ఏడు చుక్కలు చాలును. తెలుగు అక్షరమున నడిమి భాగముతోపాటు పైన గుడి, క్రింద ఒత్తు కలసి మూడంతస్తులుండును. “ట్రాఫిక్ మళ్ళింపు” అను రెండు మాటలనే తీసికొనిన, మొదటి మాటలో టకారమునకు రావత్తు, రెండవ మాటలో ళకారమునకు పైన గుడి, క్రింద ళావత్తు ఏకకాలమున ఇమడవలసి యున్నవి. ఏడు చుక్కల ఎత్తులో ఇది అసాధ్యము. అందుకు రెట్టింపునకు మించిన ఎత్తు గావలెను. చుక్కలు చాలనిచో పకారమునకు వకారమునకును, బకారమునకు భకారమునకును గల స్వల్పభేదము చెరిగిపోవును. ఊళ్ళ పేర్లకు ఈ చిక్కు కొంత తక్కువ. విజయవాడ, ఏలూరు, గుడివాడ మొదలగువానిని అలవాటుపడిన కన్ను అక్షరమక్షరము కూడబలుకక మొత్తము ఆకారమునుబట్టి పోల్చుకొనును. ఒత్తులు తక్కువగల మాటలను ఏరుకొనుట ఉత్తమమార్గము: “అవరోధము ఏర్పడినది” అనుటకన్న “దారి మూత” అనుట దీపములకును మేలు, డ్రైవరుకును మేలు. జాతీయ రహదారిపై బెంగాలు, ఒడిశా, పంజాబు లారీలు పోవుచుండుటచేత తెలుగుతోపాటు హిందీ, ఇంగ్లీషులును, అన్నింటికన్న ముందు బాణపు గుర్తు, లారీబొమ్మవంటి చిత్రసంజ్ఞలును గావలసి యుండును.

రకములు

స్థిరఫలకములు కమానులపై శాశ్వతముగ నుండును. చక్రములబండిపై నెక్కించి, సౌరపలకలతోను బ్యాటరీలతోను నడుపబడునవి సంచారఫలకములు. ఇవి ఉత్సవములకు, మరమ్మతులకు, వరదలకు ఉపయుక్తములు. వేగపరిమితిని మాత్రము చూపునవి, వరుసవరుసకు పైన ఆకుపచ్చ బాణమునో ఎఱ్ఱని గుణకారపు గుర్తునో చూపునవి, ముందున్న కూడలికి ఎన్ని నిమిషములు పట్టునో తెలుపునవి, పార్కింగు స్థలమున ఎన్ని ఖాళీలున్నవో చెప్పునవి ప్రత్యేక జాతులు (చూ. పార్కింగు నిర్వహణ).

రాకపోకల సిద్ధాంతము

1952లో జాన్ గ్లెన్ వార్డ్రాప్ అను ఆంగ్ల పరిశోధకుడు ప్రతిపాదించిన సూత్రము ప్రకారము, చోదకులందఱు తమతమ ప్రయాణకాలమును తగ్గించుకొనజూచినచో, వినియోగములోనున్న దారులన్నింటిలోను పట్టుకాలము సమానమగువఱకు వారు దారులు మాఱుచుందురు. ఈ సమస్థితికి దారులస్థితి అందఱికి తెలిసియుండుట అవసరము. ఆ తెలివిని సమకూర్చుటయే ఫలకపు పని. 1968లో జర్మను గణితవేత్త డీట్రిచ్ బ్రేస్, క్రొత్తదారి చేర్చుటవలన అందఱి ప్రయాణకాలమును పెరుగు సందర్భములుండునని నిరూపించెను. దీనినిబట్టి ప్రత్యామ్నాయముండుటయే మేలుకాదని తెలియును.

ఒక లెక్క దీనిని స్పష్టపఱచును. ఒక దారిలో గంటకు 1,800 వాహనములు మాత్రమే పోగలవనియు, 2,000 వచ్చుచున్నవనియు అనుకొందము. గంటకు 200 చొప్పున వరుస పెరుగుచుండును. వచ్చువారిలో పదింట నొక్కరు ఫలకము చూచి వేఱుదారి పట్టిరేని వరుస పెరుగుట ఆగిపోవును. అందఱును వినవలసిన పని లేదు, కొందఱు వినిన చాలును. కాని ఆ వేఱుదారికి గంటకు 400 వాహనములను మాత్రమే అదనముగ మోయు శక్తి యుండగా, సందేశము మితిమీఱి ప్రబలమై సగముమంది, అనగా వేయి వాహనములు అటు తిరిగినచో, పెద్దదారి ఖాళీయై చిన్నదారి స్తంభించును. చిన్నదారిపై స్తంభించిన లారీ వెనుకకు తిరుగుటయును కష్టము. ఫలకముల రూపకల్పనలో తఱచు మరువబడు విషయమిది: సందేశము రాయుటకు ముందు కొలువవలసినది పెద్దదారి రద్దీని మాత్రమే కాదు, చిన్నదారి ఓపికను గూడ.

తెలంగాణము, ఆంధ్రప్రదేశములలో వ్యాప్తి

హైదరాబాదు చుట్టు 158 కిలోమీటర్ల పొడవున ఎనిమిది వరుసలతో నిర్మింపబడిన ఔటర్ రింగ్ రోడ్డు తెలుగునాట సందేశఫలకములకు తగిన మొదటి క్షేత్రములలో నొకటి. దీని నిర్మాణమునకు జపాను ప్రభుత్వసంస్థ జైకా ఋణసహాయము చేసినది. ప్రమాదములు, పొగమంచు, వేగపరిమితి మొదలగు వార్తలు ఫలకములపై చూపబడును. 2023లో లోపలి రెండు వరుసలలో గరిష్ఠవేగము గంటకు 100 నుండి 120 కిలోమీటర్లకు పెంపబడినందున సందేశములింకను పొట్టివి గావలసినవి. నగరమున 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో ప్రారంభమైన పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటరు కెమెరాల దృశ్యములను ఒకచోట చేర్చినది. ఆంధ్రప్రదేశమున స్మార్ట్ సిటీ పథకపు తొలిజాబితాలో 2016 జనవరిలో ఎంపికైన విశాఖపట్టణము, కాకినాడలును, అదే సంవత్సరము తరువాత చేరిన తిరుపతియు నియంత్రణ కేంద్రముల ఏర్పాటుకు పూనుకొనినవి.

హైదరాబాదు–విజయవాడ మార్గమగు 65వ నంబరు జాతీయ రహదారిపై సంక్రాంతికి ముందు మూడునాలుగు దినములు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాల వద్ద కార్లు బారులు తీరుట ప్రతియేటి వార్త. గుంటూరు వైపు పోవువారు నార్కట్‌పల్లి వద్దనే నల్లగొండ, మిర్యాలగూడ దారి పట్టినచో వరుస తగ్గును. నార్కట్‌పల్లి దాటిన తరువాత ఆ సలహా ఎంత పెద్ద అక్షరములలో వెలిగినను చెల్లదు. ఫలకమునకు స్థలనిర్ణయమే ప్రాణమనుటకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణము లేదు.

విజయవాడ: రెండు రహదారుల కూడలి

కలకత్తా–చెన్నపురి మార్గమగు 16వ నంబరు జాతీయ రహదారియు, పూనా–మచిలీపట్టణము మార్గమగు 65వ నంబరు రహదారియు విజయవాడలో బెంజి సర్కిల్ వద్ద కలియుచున్నవి. ఉత్తరమునను పడమటను కొండలు, దక్షిణమున కృష్ణ, నడుమ మూడు కాలువలు, రైలుమార్గములు గల ఈ నగరమున దారులు వెడల్పగుటకు చోటు తక్కువ. కనకదుర్గ ఫ్లైఓవరును, బెంజి సర్కిల్ మొదటి ఫ్లైఓవరును 2020 అక్టోబరు 16న ప్రారంభింపబడి కొంత ఊరట కలిగించినవి. అయినను దసరాలో మూలానక్షత్రము నాడు, భవానీదీక్షల విరమణవేళ, 2016 ఆగస్టు నాటి కృష్ణాపుష్కరములవంటి సమయములందు భారీ వాహనములను నగరములోనికి రానీయక దూరముననే మళ్ళించుట పోలీసుల ఆచారము.

ఆ మళ్ళింపుల క్రమము లారీవారికి కంఠస్థమై యున్నది. విశాఖపట్టణము నుండి హైదరాబాదు పోవు వాహనములు హనుమాన్ జంక్షన్ వద్ద కుడికి తిరిగి నూజివీడు, మైలవరం, జి.కొండూరు మీదుగా ఇబ్రహీంపట్నము చేరి 65వ నంబరు రహదారి నెక్కవలెను. విశాఖపట్టణమునకును చెన్నపురికిని నడుమ పోవునవి హనుమాన్ జంక్షన్, గుడివాడ, పామఱ్ఱు, అవనిగడ్డ, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరవలెను. చెన్నపురి నుండి హైదరాబాదు పోవునవి మేదరమెట్ల, అద్దంకి, పిడుగురాళ్ళ, మిర్యాలగూడ దారిని పోవలెను. మొదటి రెండు మార్గములకును విడిపోవు స్థానము హనుమాన్ జంక్షనే. ఏలూరు, విజయవాడ, నూజివీడు, గుడివాడ దారులు కలియు ఈ చిన్నయూరు విజయవాడ రాకపోకలకు నిజమైన వాకిలి.

కావున విజయవాడ రద్దీని తగ్గింపదలచిన ఫలకము విజయవాడలో నుండనక్కఱలేదు. హనుమాన్ జంక్షనుకు ఏలూరు వైపున, చదివి, వేగము తగ్గించి, వరుస మాఱుటకు వలసినంత ఎడముగ నుండవలెను. కానిస్టేబులు చేతితో ఆపి, డ్రైవరు కిటికీలోనుండి వంగి అడిగి, తక్కిన లారీలు హారన్లు మ్రోయించు దృశ్యమునకు మాఱుగ, ఒక కిలోమీటరు ముందే లారీబొమ్మ, కుడిబాణము, “హైదరాబాద్ – నూజివీడు దారి” అను పంక్తి కనిపించినచో కూడలిలో నిలుపుట తగ్గును. చినఅవుటపల్లి నుండి గొల్లపూడి మీదుగా కృష్ణదాటి కాజకు పోవు పశ్చిమ బైపాసు వినియోగములోనికి వచ్చినకొలదిని నిర్ణయస్థానము కొంత విజయవాడకు దగ్గఱకు జరుగును. అప్పుడు హనుమాన్ జంక్షన్ ఫలకము బైపాసు స్థితిని గూడ తెలుపవలసి యుండును.

వరదలు

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతములను ముంచినది. విజయవాడ నుండి నున్న, ఆగిరిపల్లి మీదుగా నూజివీడు చేరు దారి ఈ ప్రాంతముల గుండనే బయలుదేరును. మఱునాడు ప్రకాశం బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహము నమోదైనది. అదే సమయమున నందిగామ చెంత ఐతవరం వద్ద 65వ నంబరు రహదారిపై నీరు పాఱి రాకపోకలు నిలిచి, వాహనములు గుంటూరు, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా మళ్ళింపబడినవి. ఐతవరం వద్ద 2023 జులైలోను మున్నేరు రహదారిని ముంచియుండెను. ఒకే చోట రెండేండ్లు వరుసగ జరిగినదానిని ఆకస్మికమనుటకు వీలులేదు; ఏటినీటి మట్టమును కొలుచు పరికరమును ఫలకముతో ముడిపెట్టినచో, నీరు రోడ్డెక్కకమునుపే విజయవాడలోను, కోదాడలోను హెచ్చరిక వెలుగగలదు. వరదలో కరెంటు ముందుగ పోవును గనుక అట్టి ఫలకమునకు బ్యాటరీ, సౌరపలక తప్పనిసరి.

మామిడి ఋతువు, నూజివీడు దారి

నూజివీడు, ఆగిరిపల్లి, రెడ్డిగూడెం, విస్సన్నపేట, మైలవరం ప్రాంతములు బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, చెఱకురసము, తోతాపురి, సువర్ణరేఖ తోటలకు ప్రసిద్ధములు. తోతాపురిని ఇచ్చటివారు కలెక్టరుకాయ అందురు. విజయవాడ చెంతనున్న నున్న మామిడి మార్కెట్టు ఆసియాలోని పెద్దవానిలో నొకటిగ చెప్పబడును; అచ్చట నుండి ఏప్రిలు, మే నెలలలో ఢిల్లీ మొదలగు ఉత్తరాది నగరములకు లారీలు బయలుదేరును.

కాయ తెల్లవాఱుజామున కోయబడి, సొన ఆఱిన పిమ్మట ట్రేలలోనో, ట్రాక్టరు తొట్టిలో పఱచిన వరిగడ్డిపైననో మార్కెట్టుకు వచ్చును. మధ్యాహ్నమునకు బేరము, సాయంకాలమునకు లారీ ఎగుమతి. లారీలో క్రిందినుండి పైవఱకు కాయయు గడ్డియు పొరలుగ నుండును. బండి కదలినంతసేపు గాలి ఆడును. ఎండలో నిలిచినచో లోపలి కాయల ఊపిరివేడి బయటికి పోలేక, నడిమిపొరలు ముందుగ మెత్తబడును. బంగినపల్లి కొంత ఓర్చుకొనును గాని పలుచని తొక్కగల రసములకు ఆ ఓర్పు లేదు. ఒక్క పూట ఆలస్యము తూకములో తేలకపోవచ్చును, ఢిల్లీలో బుట్ట విప్పినప్పుడు ధరలో తేలును. ఆ నష్టము తిరిగి తిరిగి చివరకు తోటరైతు మీదనే పడును.

ఇట్టి ఋతువున నగరములో సభయో ఉత్సవమో జరిగి, హైదరాబాదు లారీలన్నియు నూజివీడు దారికి మళ్ళింపబడినప్పుడు, ఆ దారిపై కాయలోడు ట్రాక్టర్లు, గుజ్జు ఫ్యాక్టరీలకు పోవు వ్యాన్లు, తోటకూలీల ఆటోలు, మైలవరం రోడ్డున 2008లో స్థాపింపబడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు విద్యార్థులు, ఆర్టీసీ బస్సులు, పదునాలుగు చక్రముల లారీలు ఒకదానివెంట నొకటి నడువవలసివచ్చును. నూజివీడు బజారులో ఎదురెదురుగ రెండు పెద్దలారీలు వచ్చినచో వెనుక నిలిచినవానికి కారణమేమో తెలియదు. మళ్ళింపు ఫలకము జాతీయ రహదారిపై పోవువానికి మాత్రమే మాటలాడి, ఈ దారిన నివసించువారిని మఱచుట న్యాయము కాదు. నూజివీడుకు రెండుప్రక్కలను, ఆగిరిపల్లి దారిలోను “భారీ లారీలు వచ్చుచున్నవి, ఫలానా గంటవఱకు” అని తెలుపు సంచారఫలకములు నిలిపినచో, కాయలబండి ఆ గంటలకు ముందో వెనుకనో బయలుదేరవచ్చును. నున్న మార్కెట్టు ద్వారమువద్ద ఎన్ని బండ్లు వేచియున్నవో తెలిపినచో తోటలోనే నీడన ఆగవచ్చును. మామిడి నెలలలో ఈ మళ్ళింపు ఎన్ని లారీలను, ఏ గంటలలో భరింపగలదో ముందుగ నిర్ణయించుకొనుట ఫలకము కొనుటకన్న ముఖ్యము.

పరిపాలన విభాగములును ఇచ్చట చిక్కు కలిగించును. 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల పునర్విభజన ప్రకారము హనుమాన్ జంక్షన్ కృష్ణాజిల్లాలోను, నూజివీడు, ఆగిరిపల్లులు ఏలూరుజిల్లాలోను, మైలవరం, నున్న, ఇబ్రహీంపట్నములు ఎన్టీఆర్ జిల్లాలోను చేరినవి. ఒక్క మళ్ళింపు మూడు జిల్లాల పోలీసుల చేతులమీదుగ నడువవలెను. మళ్ళింపు ముగిసిన వార్త ముగ్గురికి ఒకేసారి అందనిచో ఒక ఫలకము రమ్మనును, ఇంకొకటి వద్దనును.

పరిమితులు, విమర్శ

ఫలకమువలన హానియు కలుగవచ్చునని తెలిపిన ప్రసిద్ధ పరిశోధన అమెరికాలోని టెక్సాసునకు సంబంధించినది. ఆ రాష్ట్రమున నెలకొక వారము ఫలకములపై రోడ్డు మృతుల సంఖ్య చూపబడుచుండగా, ఆ వారములలో ఫలకము దాటిన తరువాతి 10 కిలోమీటర్లలో ప్రమాదములు 4.5 శాతము హెచ్చినవని జొనాథన్ హాల్, జాషువా మాడ్సెన్ అను పరిశోధకులు 2022లో సైన్స్ పత్రికలో ప్రకటించిరి. చోదకుని కలతపెట్టు మాట, సదుద్దేశముతో చెప్పినదైనను, దృష్టిని హరించునని వారి అభిప్రాయము. నీతివాక్యములు, నాయకుల చిత్రములు, ప్రకటనలు చూపు ఫలకములకు ఇది గట్టి హెచ్చరిక.

అంతకన్న సామాన్యమైన దోషము పాతబడిన సందేశము. నిన్నటి రద్దీని నేడు చూపిన ఫలకమును రేపు ఎవడును నమ్మడు. ఆ మఱునాడు నిజముగ దారి మూసినను చదువడు. నమ్మకము పోయిన పిదప దీపములను మార్చి ఫలము లేదు. సందేహమున్నప్పుడు ఖాళీగా నుంచుట శ్రేయస్కరమనుట ఇందుచేతనే.

చట్టము, బాధ్యత

1988 నాటి మోటారు వాహనముల చట్టము 115వ విభాగము వాహనముల రాకపోకలను పరిమితము చేయు అధికారమును, 116వ విభాగము ట్రాఫిక్ సూచికలు నెలకొల్పు అధికారమును ఇచ్చుచున్నవి. 119వ విభాగము సూచికల ఆజ్ఞలను పాటించుట చోదకుని విధిగ నిర్ణయించినది. జాతీయ రహదారి ప్రాధికార సంస్థది, రాష్ట్ర రహదారి రోడ్లు భవనముల శాఖది, పురవీథి పురపాలక సంఘముది. మళ్ళించు అధికారము పోలీసులది. సందేశమును ఎవరు వ్రాయవలెను, ఎవరు తుడిపివేయవలెను అను రెండు బాధ్యతలు ఒప్పందములో స్పష్టముగ నుండవలెను. మొదటిది సాధారణముగ వ్రాయబడును, రెండవది విడువబడును.

ఫోను పటములతో సంబంధము

చేతిఫోనులోని పటము ప్రతి చోదకునికి వేఱువేఱు దారి చూపగలుగుచుండగా ఫలకము ఎందులకను ప్రశ్న తఱచు వినబడును. ఫోను పటము కదలుచున్న వాహనముల వేగమునుబట్టి రద్దీని ఊహించును. పోలీసులు సాయంకాలము అయిదు గంటలకు భారీ వాహనములను నిషేధింపనున్నారను సంగతిని నాలుగున్నరకు ఊహింపజాలదు. కారునకును లారీకిని భేదము పాటింపని పటము తోటలనడుమ ఒంటివరుస రోడ్డును, తక్కువ ఎత్తుగల రైల్వే అండర్‌బ్రిడ్జిని గూడ దగ్గఱదారిగ చూపును. ఫలకము ఆ చోట నిలిచి, ఆ దారి సంగతి ఎఱిగిన అధికారి పక్షమున, లారీ డ్రైవరును లారీ డ్రైవరుగనే సంబోధించును. నియంత్రణ కేంద్రము తన సందేశమును ఫలకమునకు పంపునప్పుడే ఫోను పటముల సంస్థలకును, ఎఫ్‌ఎం రేడియోకును, లారీ యజమానుల సంఘముల వాట్సాప్ బృందములకును, మామిడి ఋతువున మార్కెట్టు యార్డుల మైకులకును పంపు ఏర్పాటు చేసికొనినచో, ఏలూరు దాటుచున్న డ్రైవరును, ఆగిరిపల్లి తోటలో కాయ ఎక్కించుచున్న రైతును ఒకే సమయమున ఒకే వార్త విందురు (చూ. మార్కెట్టు యార్డులు, జాతీయ రహదారులు, విజయవాడ).